మా అత్త ఎంచిన సాకెట్ సెట్టు

"ఈ నట్టును ఎవురప్పా నమిలింది?"

పుంగనూరులో మా కారును ఎప్పుడూ చూసే మెకానిక్కు బానెట్ ఎత్తి, బ్యాటరీ దగ్గర వంగి, మా ఆయన్ను అడిగిన ప్రశ్న అది. మా ఆయన రోడ్డుకు అవతల కడుతున్న మేడను, దాన్ని కొనబోతున్నవాడిలా శ్రద్ధగా చూడసాగాడు. నమిలింది ఆయనే. పళ్ళతో కాదు, కటింగ్ ప్లేయరుతో. బ్యాటరీ వైరు వదులైందని ముందురోజు ప్లేయరుతో పట్టి బలంగా తిప్పాడు. నట్టు బిగుసుకోలేదు గాని, దాని ఆరు మూలలూ అరిగిపోయి సపోటా పండులా గుండ్రంగా తయారైంది.

అప్పటికి మా ఇంట్లో పనిముట్లంటే ఆ ప్లేయరు, ఒక సుత్తి, పిడి పగిలిన స్క్రూడ్రైవరు, ఒక పాత స్పానరు. ఆ స్పానరు ఎవరిదో, ఎప్పుడు మా ఇంట చేరిందో తెలియదు. ఇంట్లో ఉన్న ఏ నట్టుకూ అది సరిపోదు. పారేద్దామంటే మా ఆయన ఒప్పుకోడు. "దానికి సరిపోయే నట్టు యాడో ఒకచోట ఉంటాదిలే" అంటాడు.

మా ఆయన పలమనేరులో గుమస్తా. ఆఫీసులో ఆయనంత నెమ్మదస్తుడు లేడని అందరూ అంటారు. నేనూ నమ్ముతాను. కానీ ఆదివారం వచ్చిందంటే ఆ చెయ్యి ఊరుకోదు. మిక్సీ విప్పుతాడు, కుక్కరు పిడి బిగిస్తాడు, స్కూటరు అద్దం సరిచేస్తాడు. వాషింగ్ మెషిన్ కాళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయని ఒకసారి ప్లేయరుతో సరిచేశాడు. ఆ మధ్యాహ్నం బట్టలు పిండే సమయానికి అది గడగడమంటూ బాత్రూం వాకిలి దాటి వంటింటి వైపు బయల్దేరింది. తలుపు దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న మా అత్త కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చి, "అమ్మా, ఇది యాడికో పోతాండాది, సూడు" అని నన్ను పిలిచింది.

నేను పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య ఒక ఊరి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పిడి పొడవు పెరిగితే తిప్పే బలం ఎలా పెరుగుతుందో ఏటా పిల్లలకు బల్ల గుద్ది చెప్పే మనిషిని. నా సొంత ఇంట్లో నట్లన్నీ సపోటాలవుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. మెకానిక్కు మాట విన్న రోజు సాయంత్రమే, "మనం ఒక సాకెట్ సెట్టు కొంటాం" అని ప్రకటించాను.

"ప్లేయరు ఉండాది గదా," అన్నాడు మా ఆయన.

"ఆ ప్లేయరును సుత్తితో పాటు కొబ్బరికాయలు కొట్టడానికి ఉంచుకుందాం."

వారం రోజులు ఫోనులో వీడియోలు చూశాను. సాకెట్టంటే నట్టు మీద టోపీలా కూర్చునే ఇనుప గిన్నె. ఒక్కో సైజు నట్టుకు ఒక్కో గిన్నె. అన్నింటికీ కలిపి ఒకటే పిడి. ఆ పిడి ఒకవైపు తిప్పితే బిగిస్తుంది, వెనక్కు తెస్తే టకటకమని ఊరికే జారుతుంది. చెయ్యి తీసి మళ్ళీ పెట్టే పని లేదు. గిన్నె లోపల కొన్నింటికి ఆరు మూలలు, కొన్నింటికి పన్నెండు. పన్నెండు మూలలది నట్టు మీద తొందరగా కూర్చుంటుంది. ఆరు మూలలది నట్టును గట్టిగా కరుచుకుంటుంది, మూలలు అరగనీయదు. మా ఇంటి చరిత్రను బట్టి మాకు కావలసింది ఆరు మూలలదే అని నాకు అర్థమైంది. ఇదంతా భోజనాల దగ్గర మా ఆయనకు వివరిస్తుంటే, "క్లాసు పీకొద్దు, అన్నం తిననీ" అన్నాడు. అత్త మాత్రం పప్పు కలుపుకోవడం ఆపి వింది.

"ఎంచుకునే పనయితే నేనూ వస్తా," అంది.

మా అత్త మదనపల్లె టమేటా మండీల్లో జీవితమంతా కాయలు వేరు చేసిన మనిషి. పెద్దవి ఒక బుట్ట, నడిమివి ఒక బుట్ట, పగిలినవి పక్కకు. ఇప్పుడు మా దగ్గరే ఉంటూ పనికి పోవడం మానేసింది గాని, ఆ చెయ్యి మానలేదు. ఇంటికి ఏది తెచ్చినా ఆమె వేళ్ళ మధ్య నుంచి పోవలసిందే. మాత్రల అట్టలో కూడా బాగున్న మాత్ర ఏదో చూసి మింగుతుంది.

అలా ఒక ఆదివారం ముగ్గురం మదనపల్లె పోయాం. బస్టాండు వెనక సందులో హార్డ్‌వేరు కొట్టు. కొట్టాయన గడ్డం నెరిసిన పెద్దమనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, కొట్టులో తెలుగు. కోపమొస్తే, నవ్వొస్తే రెండూ కలిసిపోతాయి. మమ్మల్ని చూసి స్టూళ్ళు వేయించాడు. నేను సంగతి చెప్పగానే మూడు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిది సూట్‌కేసంత ఉంది. మూత తీయగానే వందకు పైగా ముక్కలు తళతళమన్నాయి. సాకెట్లు, స్పానర్లు, బిట్లు, దేనికో తెలియని వంకర కడ్డీలు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. పెళ్ళిచూపుల్లో కూడా ఆ వెలుగు నాకు కనబడలేదు.

"ఇదే," అన్నాడు.

"ఇందులో సగం దేనికో తెలుసా?" అని అడిగాను.

"ఇప్పుడు తెలీదు. తెలిసే పని ఒకపొద్దు వస్తాది. ఆ పొద్దు లేకుంటే?"

"ఆ పొద్దు వచ్చేలోపు సగం పోగొడతావు. చిన్న ముక్కలు మంచం కిందికి పోతాయి."

రెండోది నడిమి పెట్టె. పిడి బరువుగా, పెద్ద బండ్ల పనికి తగ్గట్టు ఉంది. లోపల పన్నెండు మూలలు. మూడోది చిన్నది, టిఫిన్ బాక్సుకు అన్నలా ఉంది. ఆరు మూలల సాకెట్లు, పొట్టి పిడి, సందుల్లోకి చేరడానికి ఒక పొడుగు కడ్డీ, మెడ వంగే ఒక కీలు. నా మనసు దాని మీద పడింది. చక్రాల నట్లకు కారుతో వచ్చిన స్పానరు ఎలాగూ డిక్కీలో ఉంది. మిగిలిన ఇంటి పనికి, స్కూటరుకు, బ్యాటరీకి ఇది చాలు.

మా ఆయన సూట్‌కేసు వదలడు. నేను చిన్నదాన్ని వదలను. కొట్టాయన ఇద్దరి మధ్యా రాజీకి నడిమి పెట్టెను ముందుకు తోశాడు. "యే లేలో అమ్మా, బీచ్ మే అచ్ఛా. నడిమిదే మంచిది. ఎక్కువ కాదు, తక్కువ కాదు."

అప్పటిదాకా మాట్లాడని మా అత్త స్టూలు ముందుకు జరుపుకుంది. కొంగు నడుముకు దోపి, ఆ నడిమి పెట్టెలోని సాకెట్లన్నీ బయటికి తీసి బల్ల మీద పోసింది.

"అరె అమ్మా! అవి వంకాయలు కాదు, ఏరుకునేది ఉండదు!" అన్నాడు కొట్టాయన.

"కాయ అయినా ఇనుమైనా సూసి ఎత్తుకోవల్ల గదప్పా," అంది అత్త.

చిన్న సాకెట్టు మొదలు పెద్దదాని వరకు వరసగా నిలబెట్టింది. చేతులు అలవాటైన వేగంతో కదిలాయి. నలుగురు గిరాకీలు తమ పని మానుకుని చుట్టూ చేరారు. వరస సగం దాకా మెట్లమెట్లుగా పెరిగింది. అక్కడ రెండు సాకెట్లు ఒకే ఎత్తున, ఒకే లావున నిలబడ్డాయి. అత్త వాటిని పక్కకు తీసి ముందుకు నెట్టింది.

"ఇవి కవలపిల్లోళ్ళా?"

కొట్టాయన కళ్ళద్దాలు సవరించుకుని నంబర్లు చదివాడు. రెండూ పదమూడే. పన్నెండు లేదు. పెట్టె కట్టేటప్పుడు ఎక్కడో పొరపాటు జరిగింది. ఆయన తల మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా నవ్వాడు. "క్యా బోలూ! పన్నెండు నంబరు ఛుట్టీ మీద పోయింది!"

తరువాత అత్త చిన్న పెట్టె పట్టింది. అందులోవి వరసగా, మెట్టు తప్పకుండా నిలబడ్డాయి. అంతటితో వదిలిందా! ఒక్కో సాకెట్టును బల్లకు తట్టి, టెంకాయ కొనేటప్పుడు విన్నట్టు చెవి దగ్గర పెట్టుకుని వింది. ఇనుములో ఆమెకు ఏం వినబడిందో నాకు ఈరోజుకీ తెలియదు. అడిగితే "మోగల్ల, అంతే" అంటుంది. చివరికి పిడి చేతిలోకి తీసుకుని తిప్పింది. టక టక టక. మళ్ళీ తిప్పింది. ముఖం నిండా నవ్వు.

"ఇది మాట్లాడతాండాదే!"

మా ఆయన ఆఖరి ప్రయత్నంగా సూట్‌కేసు వైపు చెయ్యి చూపి, "అమ్మా, అది పెద్దది..." అన్నాడు.

"రేయ్ నాయనా, మనూరి ఆవును సూసినావా? పొట్టిదే. పాలియ్యదా?"

పుంగనూరు ఆవును తెచ్చి మధ్యలో నిలబెట్టాక పుంగనూరులో పుట్టినవాడు ఏం మాట్లాడతాడు? మా ఆయన సూట్‌కేసు మూత తానే మూశాడు, పోయినవాళ్ళ కళ్ళు మూసినట్టు మెల్లగా.

బిల్లు రాసేటప్పుడు అత్త చెయ్యి చాచింది. "కొసరెయ్యప్పా."

"సాకెట్లకు కొసరా అమ్మా? ఒక నంబరు ఎక్కువ ఇస్తే మీరు దేనికి పెడతారు?"

"కొసరు లేని బేరం యాడైనా ఉండాదా?"

ఆయన కాసేపు ఆలోచించి, చేతులు తుడుచుకోవడానికి వాడే బనియన్ గుడ్డ ముక్కల కట్ట ఒకటి తెచ్చి ఇచ్చాడు. అత్త ఆ ముక్కల్లో కూడా చిరిగిన రెండు తీసేసి వేరేవి అడిగింది.

ఇంటికి రాగానే మా ఆయన అలక మరిచిపోయాడు. ఆ వారమంతా మా ఇంట్లో నట్టు ఉన్న వస్తువేదీ ప్రశాంతంగా బతకలేదు. మంచం బిగించాడు, గ్యాసు స్టాండు బిగించాడు. వాషింగ్ మెషిన్ కాళ్ళు బిగించాడు. అది ఆనాటి నుంచి కదలలేదు. బిగించడానికి ఏమీ మిగలనప్పుడు, కొన్నింటిని వదులు చేసి మళ్ళీ బిగించాడు. ఫ్యాను జోలికి పోతుంటే నేను స్టూలు లాగేశాను. అప్పుడే అత్త పెట్టెను స్వాధీనం చేసుకుంది. "ఎంచింది నేను, కాపాడేదీ నేనే" అని తన మంచం కింది ట్రంకు పెట్టెలో, పట్టుచీర పక్కన పెట్టి తాళం వేసింది.

ఇలాంటి వస్తువు ఇంట్లో ఉందని వీధికి తెలియడానికి ఎంతసేపు పడుతుంది? ఎదురింటి కుర్రాడు బైకు సీటు విప్పాలని వచ్చాడు. పక్క వీధిలో రిటైరైన కండక్టరు ట్యాంకు బిగించాలని వచ్చాడు. అత్త ఎవరినీ కాదనలేదు. కానీ ఒక షరతు పెట్టింది.

"ఎడంకాలి సెప్పు ఈడ ఇడిసిపెట్టి ఎత్తుకోపో. పెట్టె తెచ్చినంక సెప్పు ఎత్తుకో."

"ఒంటి చెప్పుతో ఎట్ల పోయేదమ్మా?" అన్నాడు కండక్టరు.

"పోలేవు గదా. అందుకే బిరీన తెచ్చిస్తావు."

ఆ పెద్దమనిషి పెట్టె చంకన పెట్టుకుని, ఎండకు కాలిన రోడ్డు మీద ఒక కాలు మాత్రమే ఎత్తి ఎత్తి వేస్తూ పోయాడు. మా వీధిలో ఒంటి చెప్పుతో ఎవరైనా కనబడితే, వాళ్ళింట్లో ఏదో రిపేరు జరుగుతోందని అందరికీ తెలిసిపోయేది. ఒకాయన తెలివిగా, పట్టీ తెగిన పాత చెప్పు ఇంటి నుంచి తెచ్చి పెట్టాడు. అత్త దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "దీని జత యాడుండాది?" అని అడిగి, తిప్పి పంపింది. కన్నకొడుకుకైనా మినహాయింపు లేదు. మా ఆయన తన సొంత ఇంట్లో, తన సొంత సాకెట్ సెట్టు కోసం, ఆఫీసు చెప్పు ఒకటి తల్లి మంచం దగ్గర వదిలి, ఒంటికాలి చెప్పుతో స్కూటరు బాగుచేసుకునేవాడు.

ఈ షరతుకు కారణం కుప్పంలో ఉంది. మా అత్తకు ఒకే ఒక చెల్లెలు. కుప్పంలో కాపురం. నేను చిన్నత్త అంటాను. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందు చిన్నత్త తన కూతురి పెళ్ళికి మా అత్త దగ్గర ఇత్తడి అండా తీసుకుపోయింది. నీళ్ళు కాచుకునే పెద్ద అండా. పెళ్ళయ్యాక తిరిగొచ్చింది, పక్కన అరచేయంత సొట్టతో. "ముందే ఉండాది" అని చిన్నత్త. "లేదు" అని మా అత్త. అప్పటి నుంచి అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. అలాగని రాకపోకలు మానలేదు. పెళ్ళిళ్ళకు, చావులకు ఇద్దరూ హాజరే. పక్కపక్కనే నిలబడి, మధ్యలో నన్నో ఇంకొకరినో పెట్టుకుని మాట్లాడతారు. "మీ చిన్నత్తను కాఫీ తాగిందా అని అడుగు" అంటుంది మా అత్త, చిన్నత్త వింటుండగానే. "తాగినా అని చెప్పు" అంటుంది చిన్నత్త. నేను ఇద్దరికీ మధ్య టెలిఫోన్ స్తంభంలా నిలబడి ఉంటాను.

అలాంటి చిన్నత్త కొడుకు కుప్పంలో కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి పిలుపొచ్చింది. మేము కారులో బయల్దేరేసరికి అత్త వెనక సీట్లో కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర సాకెట్ పెట్టె.

"అది యాలమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఇంట్లో ఎవురూ లేనప్పుడు ఎవురో ఒకరు అడిగితే?"

"ఎవరూ లేకుంటే ఎవరిని అడుగుతారు?"

"నువ్వు బండి తోలు," అంది అత్త.

పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి పూజ అయిపోయింది. పట్టుచీరలో చిన్నత్త గుమ్మంలో ఎదురొచ్చింది. అరవం, తెలుగు కలిసిన కుప్పం యాసలో "రాండి, రాండి" అని నా చెయ్యి పట్టుకుంది. మా అత్తను చూసి, నాతో "మీ అత్తను లోపలికి రమ్మను" అంది. మా అత్త నాతో, "వచ్చినా అని చెప్పు" అంది. లోపలికి పోయి ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, పెట్టెను కుర్చీ కింద పెట్టుకుని కూర్చుంది.

భోజనాలకు ఆకులు వేస్తుండగా కొళాయిల్లో నీళ్ళు ఆగిపోయాయి. చేతులు కడుక్కునే చోట సబ్బు నురగతో మనుషులు నిలబడిపోయారు. వంటవాళ్ళు పెరట్లో నుంచి "నీళ్ళు! నీళ్ళు!" అని కేకలు. కింద సంపులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. మోటారు తిరుగుతోంది. పైకి మాత్రం చుక్క ఎక్కదు. మోటారు బిగించిన మనిషికి ఫోను చేస్తే అది మోగుతూనే ఉంది.

మా ఆయన ప్యాంటు మడిచి మోటారు దగ్గర వంగాడు. ఆయన బాగుచేసిన వస్తువుల జాబితా నాకు కళ్ళ ముందు తిరిగింది. నేనూ పక్కన వంగి చూశాను. సంపు నుంచి నీళ్ళు లాగే గొట్టం మోటారుకు అతికే చోట రెండు బోల్టులు వదులై, ఆ సందులోంచి గాలి పీలుస్తోంది. నీళ్ళకు బదులు గాలి లాగే మోటారు ఎంతసేపు తిరిగినా ఒకటే. బోల్టులు బిగిస్తే చాలు. కానీ ఒక బోల్టు గోడకూ మోటారుకూ మధ్య చెయ్యి పట్టనంత సందులో ఉంది. ఇంటివాళ్ళు తెచ్చిన మామూలు స్పానరు అక్కడ తిరగడానికి చోటే లేదు.

"సాకెట్టయితేనే అందుతాది," అన్నాడు మా ఆయన. "పొడుగు కడ్డీ తగిలిస్తే."

ఆ మాట పెరట్లోంచి హాల్లోకి పోయింది. అందరి చూపులూ మా అత్త కుర్చీ కిందికి పోయాయి. నేను వెనకే వచ్చేసరికి చిన్నత్త కుర్చీ ముందు నిలబడి ఉంది. మొదటిసారిగా, మధ్యలో స్తంభం లేకుండా, నేరుగా మాట్లాడింది.

"అక్కా, ఆ పెట్టె రవంత ఇయ్యి."

మా అత్త నా వైపు తిరిగింది. "సెప్పు పెట్టి ఎత్తుకోమను."

"ఏం సెప్పాల?" అంది చిన్నత్త.

"సెప్పాల్సింది ఏమీ లేదు. సెప్పు. కాలిది. ఎడంకాలిది."

గదిలో కొందరు నవ్వబోయి ఆగారు. చిన్నత్త ముఖం ఎర్రబడింది. విసురుగా వాకిట్లోకి పోయింది. గృహప్రవేశం కదా, గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. తనవి ఎక్కడున్నాయో ఆ గుట్టలో ఎలా తెలుస్తుంది? చేతికి దొరికింది తెచ్చి అక్క ఒళ్ళో పడేసింది. మందపాటి తోలుతో, పడవంత ఉన్న మగచెప్పు.

మా అత్త దాన్ని తిప్పి చూసింది. "ఇది నీది గాదు."

"నా ఇంటి ముందర ఉండాది గదా. నాదే అనుకో."

"నా అండాను కూడా అట్లనే గదా నువ్వు అనుకునింది!"

అంతే. ఇన్నేళ్ళుగా మూతపడి ఉన్నది ఒక్కసారిగా తెరుచుకుంది.

"అండా! ఇంకా ఆ అండా మర్సిపోలేదా నువ్వు?"

"సొట్ట పోయిన పొద్దు మర్సిపోతా."

"ఆ సొట్ట ముందునుంచీ ఉండాది!"

"ముందునుంచీ ఉండేది నీ నోరు!"

నేను మధ్యలోకి పోబోయాను, అలవాటు కొద్దీ. ఇద్దరూ ఒకేసారి నన్ను పక్కకు నెట్టారు. ఈలోగా మా ఆయన నేల మీద వంగి, తల్లి కాళ్ళ వెనక నుంచి పెట్టెను మెల్లగా లాగేసి నాకు సైగ చేశాడు. ఇద్దరం పెరట్లోకి పరుగెత్తాం.

ఆ చీకటి సందులోకి నేను ఫోను లైటు పట్టాను. ఆయన పొడుగు కడ్డీ చివర సాకెట్టు తగిలించి లోపలికి పెట్టాడు. పద్నాలుగు ఎక్కలేదు. పదిహేడు చక్కగా కూర్చుంది. టక టక టక. పిడి ఎంత చిన్న చోటులో ఆడిందో చూసి ఆయన నా వైపు తల తిప్పాడు, "చూశావా" అన్నట్టు. పెట్టె తనే కనిపెట్టినంత గర్వం. రెండు బోల్టులూ బిగించి, ఒక చెంబుతో మోటారులో నీళ్ళు పోసి, స్విచ్చు వేయించాడు. కాసేపు దగ్గింది. తరువాత గొంతు మారింది. పైన ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు వినగానే పెరడంతా ఈలలు. మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన విప్పి బిగించినవాటిలో, అందరి ముందూ పని చేసిన మొదటి వస్తువు అది. ఆయన చొక్కా నిండా బురద. ఆ బురదతోనే నాకు ఎంతో బాగా కనిపించాడు.

మేము చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి ఒక పంక్తి భోజనం సాగుతోంది. అక్కచెల్లెళ్ళు మాత్రం ఇంకా అక్కడే. చిన్నత్త కూడా కుర్చీ వేసుకుని కూర్చుంది. గొడవ అండాను దాటి చాలా వెనక్కు పోయింది. నాయన తిరణాల్లో తెచ్చిన ఎర్ర రిబ్బను ఎవరు పోగొట్టారు. మండీలో పని చేసే రోజుల్లో ఎవరి బుట్ట ముందు నిండేది. ఎవరికి జ్వరమొస్తే ఎవరు రాత్రంతా తడిగుడ్డ వేశారు. ఈ చివరిది కూడా కొట్లాటగానే సాగింది: "వేసింది నేను!" "కాదు, అమ్మ వేసింది!"

అప్పుడే ధోవతి కట్టుకున్న ఒక పెద్దాయన, ఇంటికి వచ్చిన చుట్టాల్లో గౌరవంగా చూసే మనిషి, కుడి చెప్పు ఒక్కటే చేత పట్టుకుని హాల్లోకి వచ్చాడు. వాకిట్లో గుట్టంతా వెతికాడట. మా అత్త ఒళ్ళో ఉన్న చెప్పు మీద ఆయన చూపు ఆగింది. కొట్లాటలో సందు దొరుకుతుందేమో అని కాసేపు వేచి చూశాడు. సందు దొరకలేదు. చివరికి గొంతు సవరించుకుని, "అమ్మా, ఆ సెప్పు..." అన్నాడు.

"నువ్వు రవంత ఉండప్పా!" అన్నారు అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే గొంతుతో.

ఆయన ఉన్నాడు. ఏం చేస్తాడు? గోడకు ఆనుకుని ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాడు. హాల్లో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు పంక్తి పొడుగునా పాకింది. వడ్డించేవాడి చేతిలో సాంబారు గరిటె ఊగింది. అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా అత్త పెదవులు బిగించి ఆపుకోబోయింది. చిన్నత్త ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వడం చూసి మా అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరేలా నవ్వింది. చెప్పు తీసి పెద్దాయనకు ఇచ్చి, "ఎత్తుకోప్పా, మంచి తోలు" అంది.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆఖరి పంక్తిలో తిన్నారు. తింటూ కూడా అండా సంగతి తేల్చలేదు. "ముందే ఉండాది." "లేదు." కానీ అక్క ఓళిగ మీద నెయ్యి చాలలేదని చిన్నత్త నెయ్యి నిండిన తన ఓళిగను తీసి ఆమె ఆకులో వేసింది. అత్త వద్దనలేదు.

తిరుగు దారిలో వి.కోట దాటాక అత్త ఉన్నట్టుండి, "ఇల్లు బాగుండాది దానిది. వంటిల్లే రవంత సీకటి" అంది. ఇంకొంత దూరం పోయాక పెట్టె ఒళ్ళోకి తీసుకుని మూత తెరిచింది. వేళ్ళతో వరసంతా తడిమి, ఒకచోట ఆగింది. అక్కడ గుంత ఖాళీ. పదిహేడు నంబరు కుప్పంలో మోటారు దగ్గరే ఉండిపోయింది.

మా ఆయన బ్రేకు వేశాడు. "వెనక్కి తిప్పుతా."

"వద్దు," అంది అత్త. "ఉండనీ. అదే ఫోన్ చేస్తాది."

మరుసటి పొద్దున నేను క్యారియరు కట్టుకుంటుండగా ఫోను మోగింది. అత్త స్పీకరు పెట్టింది, పేటంతా వినాలన్నట్టు.

"నీ గిన్నె ఒకటి ఈడ ఉండాది. వచ్చి ఎత్తుకోపో," అంది చిన్నత్త.

"నేనెందుకు వస్తా? నువ్వే తెచ్చియ్యి. మిగిలిపోయింది మీ ఇంట్లో."

"ఆమా, మా మోటారు కాడ నీ కొడుకు మరిసిపోతే నేను తెచ్చియ్యాల్నా?"

ఆ మాట ఆరోజు తేలలేదు. మరుసటి రోజూ తేలలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే, నేను ఇడ్లీలు దించే వేళకు ఫోను వస్తుంది. సాకెట్టుతో మొదలై, మోకాళ్ళ నొప్పి, వానలు, కుప్పంలో టమేటా ధర, చిన్నత్త మనవడి చదువు దాకా పోతుంది. పెట్టేసే ముందు మాత్రం ఇద్దరూ గుర్తుపెట్టుకుని మళ్ళీ సాకెట్టు దగ్గరికి వస్తారు.

మొన్న ఆదివారం మా ఆయన ఒక్కడే మదనపల్లె పోయివచ్చాడు. నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, జేబులోంచి బనియన్ గుడ్డలో చుట్టినది తీశాడు. విడిగా కొన్న పదిహేడు నంబరు సాకెట్టు. "కారు పని ఆగిపోతాండాది, ఏం చేసేది?" అన్నాడు గుసగుసగా. దాన్ని తన చొక్కాల అడుగున దాచాడు. అత్తకు చెప్పలేదు. నేనూ చెప్పను.